కాలిన బ్లోయర్ కప్లర్: మిర్యాలగూడ మిల్లు బండిలో హీటర్–ఏసీ వైరింగ్ మార్పిడి

బండి పదేళ్లు దాటిన పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. మాన్యువల్ ఏసీ, నాలుగు స్పీడుల నాబ్. పగలంతా మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఆవరణలో, వే బ్రిడ్జి పక్కన నిలబడి ఉంటుంది. 1, 2, 3 మీద గాలి రాదు, 4 మీద మాత్రమే వస్తుంది. 4 మీద పావుగంట నడిపితే ఎడమ సీటు ముందు, కాళ్ల దగ్గర నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున నల్లగొండ మీదుగా నార్కట్‌పల్లి వైపు పోతుంటే అద్దం మీద పట్టిన ఆవిరి పోవాలన్నా ఆ 4 మీదే ఆధారపడాలి.

పద్దెనిమిది నెలల్లో రెండుసార్లు రెసిస్టర్ (ఫ్యాను స్పీడు తగ్గించే తీగచుట్ల పలక) మార్చారు. మొదటిది ఏడాది పైన నడిచింది, రెండోది నాలుగు నెలలకే పోయింది. కొత్త సామాను పాతదానికన్నా ముందే పోయిందంటే తప్పు సామానులో కాదు, దాన్ని తగిలించిన చోట ఉందని అనుమానించాలి. ఈ కేసులో తేలిందీ అదే. పైగా రెసిస్టర్ పోవడానికి ఒక కారణం, కప్లర్ (వైర్లను దానికి తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు) కాలడానికి ఇంకో కారణం. రెండూ ఒకే బండిలో ఉండటంతో ఒకటి దొరికాక రెండోదాన్ని ఎవరూ వెతకలేదు.

కరెంటు పోయే దారి

మన బండ్లలో హీటరుకు వేరే ఫ్యాను ఉండదు. ఇంజిన్ వేడి నీళ్లు తిరిగే హీటర్ కోర్, ఏసీ చల్లబరిచే ఎవాపరేటర్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. వాటి మీదుగా గాలి తోసేది ఒకటే బ్లోయర్ మోటారు. అందుకే ‘హీటర్ వైరింగ్’ అన్నా ‘ఏసీ బ్లోయర్ వైరింగ్’ అన్నా పని ఒక్కటే.

ఈ బండిలో ఫ్యూజు నుంచి రిలే మీదుగా ప్లస్ నేరుగా మోటారుకు వస్తుంది. స్పీడు మార్చేదంతా మైనస్ వైపే. మోటారు మైనస్ వైరు రెసిస్టర్ కప్లరుకు వస్తుంది, అక్కడి నుంచి నాలుగు వైర్లు నాబ్ స్విచ్చికి పోతాయి, స్విచ్చి నుంచి ఎర్త్. 1లో కరెంటు మూడు తీగచుట్లనూ దాటాలి (మొత్తం 2.4 ఓములు), 2లో రెండింటిని (1.1), 3లో ఒక్కదాన్ని (0.4). 4లో ఏ చుట్టూ లేదు, రెసిస్టర్ పలక మీదున్న రాగి పట్టీ గుండా నేరుగా స్విచ్చికి పోతుంది. కొన్ని బండ్లలో 4వ వైరు కప్లరుకు రాకుండా మోటారు నుంచే స్విచ్చికి పోతుంది. పని మొదలుపెట్టే ముందు మీ బండిలో ఏ అమరిక ఉందో చూసుకోవాలి, ఎందుకంటే కప్లరులో ఏ పిన్ను మీద ఎక్కువ బరువు పడుతుందో దాన్ని బట్టే తెలుస్తుంది.

రెసిస్టర్ పలక మీద ఒక థర్మల్ ఫ్యూజు ఉంటుంది. వేడి హద్దు దాటితే తెగుతుంది, మళ్లీ అతుక్కోదు. అది తెగితే 1, 2, 3 మూడూ ఒకేసారి పోతాయి, 4 మిగులుతుంది. ఒక్క 2 మాత్రమే పోయిందంటే థర్మల్ ఫ్యూజు కాదు. ఆ స్పీడు వైరునో, పిన్నునో, స్విచ్చిలో ఆ కాంటాక్టునో చూడాలి.

కొలతలు

ఇంజిన్ ఆన్‌లో, నాబ్ 4 మీద తీసుకున్నవి. బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, మోటారు రెండు పిన్నుల మధ్య 11.65. అంటే 2.25 వోల్టులు దారిలోనే పోతున్నాయి. ప్లస్ వైపు 0.35, మైనస్ వైపు 1.9. ఆ 1.9ని ముక్కలు చేస్తే స్విచ్చిలో 0.2, ఎర్త్ బోల్టు దగ్గర 0.1, వైర్ల పొడవునా 0.1. మిగిలిన 1.5 వోల్టులూ రెసిస్టర్ కప్లరులోనే.

ఇది కొలవడానికి కప్లర్ ఊడదీయకూడదు. ఊడదీస్తే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే డ్రాప్ (దారిలో పోయే వోల్టులు) కనిపించదు. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక ప్రోబును మోటారు మైనస్ వైరు కప్లరులోకి దూరే చోట వెనక నుంచి, రెండోదాన్ని 4వ వైరు బయటికి వచ్చే చోట గుచ్చాలి. ఆరోగ్యంగా ఉన్న కప్లరులో ఈ రెండింటి మధ్య 0.1 వోల్టు దాటకూడదు.

క్లాంప్ మీటరులో కరెంటు 18 ఆంప్స్. డీసీ కొలిచే క్లాంపే వాడాలి, మామూలు ఏసీ క్లాంపు ఇక్కడ సున్నా చూపిస్తుంది. 1.5 వోల్టులను 18 ఆంప్స్‌తో గుణిస్తే 27 వాట్లు. మొబైల్ రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంత వేడి రెండు పిన్నుల మధ్య, గాలాడని ప్లాస్టిక్ గదిలో గంటల తరబడి ఉంటే కప్లర్ కరగక ఏమవుతుంది?

ఫ్యూజు ఎందుకు పోలేదని చాలామంది అడుగుతారు. లూజు కాంటాక్టు వల్ల కరెంటు పెరగదు, అడ్డు పెరిగి కొంత తగ్గుతుంది కూడా. ఫ్యూజు చూసేది కరెంటునే, వేడిని కాదు. కాబట్టి కరుగుతున్న కప్లరును ఏ ఫ్యూజూ కాపాడదు. ఈ బండిలో అంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఇంకొకటుంది. ఫ్యూజు బాక్సు మూత మీద 25 ఆంప్స్ అని ఉంటే, ఆ గడిలో ఆకుపచ్చది, అంటే 30 ఆంప్స్ ఫ్యూజు గుచ్చి ఉంది. 25 అంటే తెల్లది, పారదర్శకంగా ఉంటుంది. నంబరు పెంచడం రిపేరు కాదు. నిజంగా షార్టయిన రోజు ఫ్యూజుకన్నా ముందు వైరు కాలుతుంది.

విప్పితే కనిపించినవి

కప్లరులో మోటారు పిన్ను గది నల్లబడి, ప్లాస్టిక్ పిన్నుకు అతుక్కుపోయింది. 4వ గది గోధుమరంగుకు తిరిగింది. లోపలి పిన్ను పట్టు వదిలేసింది, వేలితో తోస్తే అటూ ఇటూ ఊగుతోంది. ఈ పిన్నుల బలమంతా స్ప్రింగు పట్టులోనే ఉంది. ఒకసారి బాగా వేడెక్కితే ఆ లోహం మెత్తబడుతుంది. ఆ తర్వాత ముక్కు ప్లేయరుతో నొక్కి బిగించినా పది రోజులకు మళ్లీ వదులవుతుంది. గరుకు కాగితంతో రుద్దితే ఉన్న తగరం పూత కూడా పోతుంది. నల్లబడిన పిన్నును శుభ్రం చేసి మళ్లీ వాడే ప్రయత్నం చేయవద్దు.

కప్లర్ వెనక నాలుగు అంగుళాల దూరంలో పాత రిపేరు కనిపించింది. మోటారు వైరును తెగ్గొట్టి, మధ్యలో 1 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరు అతికించి, పసుపు స్లీవు లగ్గులో పెట్టి కటింగ్ ప్లేయరుతో నొక్కారు. ఇందులో తప్పులు మూడు. పసుపు స్లీవు 4 నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరుకు, అందులో సన్న వైరు వదులుగా ఊగుతుంది. 1 స్క్వేర్ ఎంఎం వైరు 18 ఆంప్స్‌ను ఎండాకాలం డాష్‌బోర్డు లోపల మోయలేదు. ఇంటి వైరు పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వరకే. మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండి డాష్‌బోర్డు లోపల వేడికి, వైరు సొంత వేడి కలిస్తే ఆ తొడుగు మెత్తబడి పక్క వైరుకు అంటుకుంటుంది.

1వ, 2వ స్పీడు వైర్ల తొడుగును ఎలుక కొరికింది, రాగి బయటపడింది. మిల్లు ఆవరణలో ఇది మామూలే. వైపర్ల కింద జాలీ లోపల గింజలు, పెంటికలు దొరికాయి. అది గాలి లోపలికి వచ్చే దారి, ఎలుక కూడా అటు నుంచే వచ్చింది.

క్యాబిన్ ఫిల్టరు ఊక దుమ్ము, తవుడు పట్టి అట్టలా బిగిసింది. మోటారును చేత్తో తిప్పితే అర చుట్టుకే ఆగింది. మంచి మోటారు ఒకసారి తిప్పి వదిలితే రెండు మూడు చుట్లు తనంతట తాను తిరగాలి.

రెండు కారణాలు ఎలా విడిపోతాయి

ఫిల్టరు మూసుకుపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని చాలాచోట్ల చెబుతారు. ఈ రకం గుండ్రటి పంజరం ఫ్యానులో జరిగేది దానికి ఎదురు. గాలి దారి మూసుకుంటే ఫ్యాను తోసే గాలి తగ్గుతుంది, దాని మీద బరువూ తగ్గుతుంది, కరెంటు కొంచెం పడిపోతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని చేత్తో మూస్తే మోటారు చప్పుడు సన్నబడి వేగం పెరగడం ఇందుకే.

ఫిల్టరు మూసుకుపోతే దెబ్బ రెసిస్టరుకు తగులుతుంది. రెసిస్టర్ పలకను గాలి గొట్టంలో పెట్టింది చల్లబడటానికే. లెక్క చూడండి. 3లో 8.5 ఆంప్స్, 0.4 ఓము, అంటే 29 వాట్లు. 2లో 5.3 ఆంప్స్, 1.1 ఓము, 31 వాట్లు. 1లో 3.3 ఆంప్స్, 2.4 ఓములు, 26 వాట్లు. మూడింటిలోనూ వేడి దాదాపు ఒకటే, కానీ గాలి 1లో అన్నిటికన్నా తక్కువ. ఫిల్టరు మూసుకుపోయాక 1 మీద నడిపితే చుట్ల మీద గాలే పారదు, థర్మల్ ఫ్యూజు తెగుతుంది. రెండు రెసిస్టర్లూ ఇలాగే పోయాయి.

కప్లర్ కాలింది మాత్రం మోటారు వల్ల. బుష్షులు (మోటారు ఇరుసు తిరిగే గొట్టాలు) ఎండి, దుమ్ము చేరి మోటారు బిగుసుకుంటే 14 ఆంప్స్ లాగాల్సింది 18 లాగుతుంది. కాంటాక్టులో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి 14 నుంచి 18కి పోతే వేడి ఇరవై తొమ్మిది శాతం కాదు, అరవై ఐదు శాతం పెరుగుతుంది. వేడికి పిన్ను పట్టు సడలి, సడలిన పట్టు వల్ల ఇంకా వేడెక్కి, చివరికి కరిగింది.

తెచ్చిన సామాను

రెసిస్టర్ ఒకటి, బ్లోయర్ మోటారు ఒకటి, క్యాబిన్ ఫిల్టరు ఒకటి. కప్లర్ డొల్ల, దానికి సరిపోయే 6.3 ఎంఎం ఫిమేల్ పిన్నులు ఎనిమిది: అయిదు బండికి, మూడు చేయి అలవాటుకు. 2.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు 1 మీటరు, 1.5 స్క్వేర్ ఎంఎం ఆటో వైరు 1.5 మీటర్లు. ఆటో వైరు అంటే తొడుగు 105 డిగ్రీలు తట్టుకునేది, సన్న పోగులు ఎక్కువగా ఉన్నది, కొనేటప్పుడు తొడుగు మీద అచ్చు చదవాలి. తగరం పూత ఉన్న రాగి జాయింటు గొట్టాలు ఆరు. లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు 6 ఎంఎంది అర మీటరు. వైరింగ్‌కు చుట్టే గుడ్డ టేపు ఒక చుట్ట. 25 ఆంప్స్ బ్లేడ్ ఫ్యూజులు రెండు. 6 ఎంఎం కన్నం ఉన్న ఇనుప జాలీ, అరచేయి అంత ముక్క.

పిన్నులు, గొట్టాలు, జిగురు స్లీవులు లోకల్‌గా దొరక్కపోతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. వైర్లతో సహా రెడీమేడ్ కప్లర్ కూడా అమ్ముతారు. దాన్ని కొంటే వైరు మందం చూడాలి. పైకి లావుగా కనిపించినా లోపల రాగి సన్నగా ఉండేవి ఉన్నాయి. ఒక కొన కోసి రాగిని పాత వైరు పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

క్రింపింగ్ ప్లేయర్ (పిన్నును వైరుకు నొక్కి పట్టించేది) తప్పనిసరి. పిన్ను చెవులను లోపలికి ముడిచి రాగిలోకి దించే రకం కావాలి. మామూలు ప్లేయరుతో నొక్కితే చెవులు చదునుగా పడుకుంటాయి తప్ప రాగిని పట్టవు. అది లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పని

10 నంబరు స్పానరుతో ముందు బ్యాటరీ మైనస్ తీసి, అయిదు నిమిషాలు ఆగాలి. ఎడమ డాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాని వైర్లు, కప్లర్లు పసుపు రంగులో ఉంటాయి. వాటిని తాకకూడదు, మీటరు ప్రోబు అసలే పెట్టకూడదు. గ్లవ్ బాక్సు దించితే రెసిస్టర్ పలక రెండు స్క్రూలతో, దాని కింద మోటారు మూడు స్క్రూలతో కనిపిస్తాయి.

కప్లర్ తెగ్గొట్టే ముందు ఫొటో తీసి, ఒక్కో వైరుకు టేపు ముక్క మీద నంబరు రాసి అంటించాలి. రంగుల్ని నమ్మవద్దు, వేడికి ఎరుపు, గోధుమ, నారింజ అన్నీ ఒకే రంగయ్యాయి. స్విచ్చి వైపు కప్లర్ తీసి, అక్కడి ఒక్కో పిన్ను నుంచి ఇక్కడి ఒక్కో వైరుకు మీటరు బీప్ పెట్టి సరిచూశాకే నంబరు ఖాయం చేయాలి. 1, 3 తారుమారైతే నాబ్ తిరగబడి పనిచేస్తుంది, అది తెలిసిపోతుంది. మోటారు వైరు వేరే గదిలో పడితే కొన్ని స్పీడులు ఒకేలా వచ్చి, ఏది తప్పో వెతకడం కష్టమవుతుంది.

వైరును కాలిన చోట కోస్తే చాలదు. వేడి వైరు వెంట పాకుతుంది, తొడుగు కింద రాగి నల్లబడి ఉంటుంది. ఇక్కడ మోటారు వైరును 14 సెంటీమీటర్లు, 4వ దాన్ని 9 సెంటీమీటర్లు వెనక్కి కోశాక మెరిసే రాగి వచ్చింది. నల్లని రాగిని క్రింపు చేస్తే బిగుతుగా ఉన్నా కాంటాక్టు మంచిది కాదు. ఎలుక కొరికిన రెండు వైర్లనూ టేపు వేసి వదలకుండా ఆ ముక్క తీసి కొత్తది వేశాం.

మోటారుకు, 4కు 2.5 వైరు. మిగిలిన మూడింటికి 1.5 సరిపోతుంది. పిన్నుకు వైరు కొన 5 మిల్లీమీటర్లు, జాయింటు గొట్టానికి ప్రతి వైపు 8 మిల్లీమీటర్లు ఒలవాలి. పిన్నుకు రెండు జతల చెవులు ఉంటాయి. ముందు జత రాగిని, వెనక జత తొడుగును పట్టాలి. మొదటి ప్రయత్నంలో ఒక పిన్నుకు ముందు చెవుల కిందికి కూడా తొడుగు చొరబడింది. మీటరు బీప్ ఇచ్చింది, కానీ లాగితే వైరు ఊడి వచ్చింది. ఒక్క పోగు తగిలినా బీప్ వస్తుంది, 14 ఆంప్స్‌కు అన్ని పోగులూ కావాలి. అందుకని ప్రతి క్రింపునూ లాగి చూడాలి. 2.5 వైరు క్రింపుకు పది లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీసినా కదలకూడదు, 1.5 వైరుకు సగం బకెట్.

పిన్ను దగ్గర సోల్డర్ వేయవద్దు. కరిగిన సీసం పోగుల వెంట పైకి పాకి వైరును పుల్లలా చేస్తుంది. గుంతల రోడ్డు మీద అదురుకు ఆ పుల్ల ఆగిన చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. కప్లర్ వేడెక్కితే సీసం మెత్తబడుతుంది కూడా.

అయిదు జాయింట్లూ ఒకే చోట రాకుండా మూడేసి సెంటీమీటర్లు ఎడం పెట్టాలి. లేకపోతే కట్ట ఆ చోట ముద్దలా తయారై గ్లవ్ బాక్సుకు రాసుకుంటుంది. స్లీవును క్రింపు చేయకముందే వైరుకు తొడగాలి, ఇది మరిచి మళ్లీ కోయాల్సి రావడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. వేడి చేసినప్పుడు రెండు కొనల నుంచి జిగురు సన్నగా బయటికి రావాలి. పైన గుడ్డ టేపు చుట్టి, పాత క్లిప్పులోనే కట్టను కూర్చోబెట్టాలి. నల్ల పీవీసీ టేపు ఒక ఎండాకాలానికే జిగురు కారి ఊడిపోతుంది.

పాత రెసిస్టర్ పనిచేస్తున్నా దాన్ని కొత్త కప్లరులోకి గుచ్చవద్దు. నల్లబడిన దాని పిన్నులు కొత్త పిన్నుల్ని కూడా పాడు చేస్తాయి. కొత్త రెసిస్టర్‌ను పరీక్ష కోసం గొట్టం బయట వేలాడదీసి ఆన్ చేయకూడదు. గాలి లేక చుట్లు క్షణాల్లో ఎర్రబడతాయి, థర్మల్ ఫ్యూజు అక్కడికక్కడే తెగుతుంది. స్క్రూలు బిగించాకే తాళం తిప్పాలి.

మోటారు బుష్షుకు ఒక చుక్క సన్న మెషిన్ ఆయిల్ వేసి నడిపిస్తే కొన్నాళ్లు తిరుగుతుంది. ఎక్కువైన నూనె కమ్యుటేటర్ (బ్రష్షులు రాసుకునే రాగి భాగం) మీదికి పాకితే బ్రష్షుల పొడితో కలిసి ముద్దయి మోటారు ఆగుతుంది. ఇక్కడ బ్రష్షులు కూడా అరిగి ఉన్నాయి కాబట్టి మోటారునే మార్చడం సరైన పని. ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకును గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజలైన్ పూశాం. స్విచ్చిని మార్చలేదు. 18 ఆంప్స్ మీద 0.2 వోల్టు డ్రాప్ అంటే దానికి ఇంకా ఆయువు ఉంది.

వైపర్ల కింద గాలి దారికి 6 ఎంఎం జాలీ బిగించాం. అంతకన్నా సన్న జాలీ వేస్తే వారానికే ఊక పట్టి మూసుకుంటుంది, పెద్దది వేస్తే ఎలుక పిల్ల దూరుతుంది.

ఈ పద్ధతి నాబ్‌తో అంచెలంచెలుగా మారే స్పీడులున్న బండ్లకే. డిగ్రీలు సెట్ చేసే ఆటోమేటిక్ ఏసీలో రెసిస్టర్ చుట్ల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది, దాన్ని వెతికే పద్ధతి వేరు. కరెంటు బండ్లలో హీటరు పెద్ద బ్యాటరీ హై వోల్టేజీ మీద నడుస్తుంది, దాని వైర్లకు నారింజ రంగు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు కనిపిస్తే ఇంట్లో చేయి పెట్టకూడదు.

పని తర్వాత

అదే బండి, అదే 4, బ్యాటరీ దగ్గర మళ్లీ 13.9. మోటారు దగ్గర 13.3 వోల్టులు, కరెంటు 14 ఆంప్స్. కప్లర్ రెండు పిన్నులకూ కలిపి 0.08 వోల్టు, అంటే 27 వాట్ల చోట ఒక్క వాటు. స్విచ్చిలో 0.13, ఎర్త్ దగ్గర 0.03. అరగంట 4 మీద, మరో అరగంట 1 మీద నడిపి కప్లరును చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. పట్టుకోలేనంత వేడి ఉంటే ఏదో ఒక క్రింపు సరిగా లేదని అర్థం, విప్పాల్సిందే.

యజమానికి రాసిచ్చిన గడువులు: వరి కోతల కాలంలో, అంటే వానాకాలం పంట మిల్లుకు వచ్చే నవంబరు నుంచి, మళ్లీ యాసంగి పంట వచ్చే ఏప్రిల్ నుంచి రెండేసి నెలలు ఫిల్టరును పదిహేను రోజులకోసారి తీసి దులపాలి, సీజన్ అయిపోగానే మార్చాలి. మొదటి నెల నిండాక కప్లర్ డ్రాప్ ఒకసారి కొలవాలి. 0.08 ఉన్నది 0.15 దాటితే పిన్నులు విప్పి చూడాలి. ఫిల్టరు శుభ్రంగా ఉన్నా కరెంటు 16 ఆంప్స్ దాటితే మోటారు మళ్లీ బిగుసుకుంటోందని లెక్క.